రావుసాబు చెరువు

మా ఊరి మంచినీళ్ల చెరువు పేరు రావుసాబు చెరువు.

గుంటూరుకూ పర్చూరుకూ మధ్య నల్లరేగడి మీద ఉన్న ఊరు మాది. కార్తీకం నుంచి పత్తి తీతలు, సంక్రాంతి దాటితే మిరప కోతలు, ఫాల్గుణం వచ్చేసరికి కల్లాల నిండా ఎర్రటి కాయ. నేల బంగారమే గాని అడుగున నీళ్లు ఉప్పు. బావి తవ్వితే గొడ్లు కూడా మూతి పెట్టని నీళ్లు పడతాయి. అందుకే మా వైపు ఊరంటే ముందు చెరువు, తరవాతే ఇళ్లు. వానాకాలం పట్టుకున్న నీళ్లను మళ్లీ వానలు పడేదాకా కాపాడుకుంటూ తాగాలి. అలాంటి చోట చెరువు తవ్వించినవాడి పేరు ఊరికి కంఠతా వచ్చి ఉండాలి. మా ఊళ్లో ఆయన పేరు ఎవరికీ తెలియదు.

చిన్నప్పుడు నాయనమ్మను అడిగాను, రావుసాబు అన్నది ఆయన పేరేనా అని.

"పేరు కాదురా, బిరుదు. తెల్లదొరలు ఇచ్చారు."

"మరి పేరేంటి నాయనమ్మా?"

ఆమె కాసేపు ఆలోచించింది. "ఏమోరా. మేము కోడళ్లం. పెద్దవాళ్ల పేర్లు నోటితో అనేవాళ్లం కాదు. అందరూ రావుసాబు గారనేవాళ్లు, మేమూ అదే అన్నాం."

ఆ జవాబు అప్పుడు నాకు చాలింది. ఇప్పుడు అరవై దాటాక చాలడం లేదు. ఒక మనిషి ఊరికి నీళ్లిచ్చాడు. ఊరు ఆయనను ప్రభుత్వం పెట్టిన పేరుతో గుర్తు పెట్టుకుని, తల్లిదండ్రులు పెట్టిన పేరును మరిచిపోయింది. ఆ ప్రభుత్వమూ పోయింది, ఆ బిరుదూ రద్దయింది. చెరువు గట్టు మీద మాత్రం ఆ మాట ఇంకా ఉంది. అసలు బిరుదు అంటే ఏమిటి, ఎవరు ఇస్తే అది నిలుస్తుంది, ఎవరిని అడిగి ఇవ్వాలి అన్న ప్రశ్నలు నాకు ఆ గట్టు మీదే మొదలయ్యాయి.

బిరుదు వచ్చిన రోజు ముచ్చట నాయనమ్మ తన అత్తగారి నోట విని మాకు చెప్పేది. కలెక్టరు దొర గుంటూరులో సభ చేసి సనదు చేతికిచ్చాడట. రావుసాబు గారు గూడుబండిలో తిరిగి వస్తుంటే పొలిమేరకు మేళం ఎదురెళ్లిందట. ఆ పూట ఊళ్లో పులిహోర వండి పంచారట. ఎందుకిచ్చారు అంటే ఆమె రెండు కారణాలు చెప్పేది. ఒకటి, చెరువు తవ్వించడం. రెండు, మొదటి ప్రపంచ యుద్ధంలో సర్కారు తీసుకున్న యుద్ధరుణానికి రైతుల దగ్గర డబ్బు పోగుచేసి పంపడం. మొదటిది ఊరికి చేసిన మేలు. రెండోది సర్కారుకు చేసిన మేలు. సనదులో మాత్రం ఈ రెండింటికీ ఒకే పేరు: ప్రజాసేవ.

ఆ ఒక్క మాటలోనే అంతా ఉంది.

దొరల కాలపు బిరుదులకు ఒక నిచ్చెన ఉండేది. మన దక్షిణాదిలో హిందువులకు అట్టడుగు మెట్టు రావు సాహెబ్, దాని మీద రావు బహదూర్, ఆ పైన దివాన్ బహదూర్. ముస్లిములకు ఖాన్ సాహెబ్, ఖాన్ బహదూర్. ఉత్తరాదిలో రావుకు బదులు రాయ్. మతాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి గౌరవాన్ని కూడా అరల్లో సర్ది పెట్టారు. ఏటా కొత్త సంవత్సరం రోజున, రాజుగారి పుట్టినరోజున గెజిట్‌లో జాబితాలు వెలువడేవి. 1911 నుంచి బిరుదుతో పాటు ధరించడానికి పతకం కూడా ఇచ్చారు. వీటికి పైన సర్ బిరుదులు. పక్కన, 1900లో విక్టోరియా రాణి పేరిట నెలకొల్పిన కైజర్-ఇ-హింద్ పతకం. భారతదేశంలో ప్రజాసేవకు అని దాని మీదే చెక్కి ఉండేది.

ఆ జాబితాలోకి పేరు ఎక్కే దారి కచేరీల గుండా సాగేది. కలెక్టరు సిఫారసు చేయాలి, పైవాళ్లు ఒప్పుకోవాలి. సేవ అందుకున్న ఊరిని అడగాలన్న నియమం ఆ దారిలో ఎక్కడా లేదు. ఇచ్చేది సర్కారు, పుచ్చుకునేది పెద్దమనిషి. ఎవరి పేరు మీద ఇస్తున్నారో ఆ ప్రజ పొలిమేర దగ్గర మేళం వినడానికి మాత్రం పనికొచ్చింది.

బిరుదులు మనకు దొరలు నేర్పినవి కావు. మా చేలల్లో నిలబడి పడమటి వైపు చూస్తే మబ్బు లేని రోజున కొండవీటి కొండలు కనిపిస్తాయి. ఆ కొండవీట్లో పెదకోమటి వేమారెడ్డి దగ్గర శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్నాడు. తరవాత విజయనగరం వెళ్లి, ప్రౌఢ దేవరాయల సభలో డిండిమభట్టును వాదంలో గెలిచి, కనకాభిషేకం పొంది, కవిసార్వభౌముడయ్యాడు. అక్కడ రాజు ఒక్కడి ఇష్టంతో పని జరగలేదు. నిండు సభలో, ఎదుటి పండితుడు కాదనడానికి వీలున్న చోట, అందరూ వింటుండగా ఆ బిరుదు గెలుచుకోవాల్సి వచ్చింది. కనీసం ఆ సభ మేరకైనా దానికి సాక్షులున్నారు.

అంతటి సార్వభౌముడు చివరి రోజుల్లో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో భూమి గుత్తకు చేసి, వరదకు పంట పోయి, ఏడు వందల టంకాలు కట్టలేక నలుగురిలో శిక్ష అనుభవించాడని చాటు సంప్రదాయం చెబుతుంది. ఆ కథ నిజమైనా కాకపోయినా మన జనం దాన్ని ఆరు వందల ఏళ్లుగా మోసుకొస్తున్నారు. బిరుదు శిస్తు బాకీ తీర్చదని, ఇచ్చిన చెయ్యి పోయాక బిరుదు ఒంటరిదైపోతుందని రైతుల దేశానికి బాగా తెలుసు. ఈ నేల మీద బిరుదుకూ శిస్తుకూ మధ్య ఉన్న బంధం అంత పాతది. అది 1922లో మళ్లీ పైకి వచ్చింది. దానికి ముందు ఇంకో బిరుదు గురించి చెప్పాలి.

1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో పెద్ద దర్బారు జరిపి విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించాడు. కైజర్-ఇ-హింద్ అన్న బిరుదు ఆ రోజుది. తరవాత ఇచ్చిన ప్రతి రావు సాహెబూ, ప్రతి బహదూరూ ఆ పెద్ద బిరుదు నీడలోనివే. ఆ చలికాలంలో మన దగ్గర నడుస్తున్నది ధాత కరువు. ధాత నామ సంవత్సరం పేరుతో మన పెద్దలు తలుచుకునే ఆ కరువు 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని పీల్చేసింది. అప్పటికి నెల్లూరు జిల్లాలో ఉన్న ఒంగోలు తాలూకా ఆ కరువులో నలిగిపోయింది. కరువు పనుల ఖర్చు తగ్గించమని పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ కూలి మనిషికి రోజుకు ఒక పౌను గింజలు, దాని మీద కొద్ది డబ్బు చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. రోజంతా మట్టి మోసిన మనిషికి అది. ఆయన పేరు ముందు సర్ ఉంది, పేరు వెనక మరిన్ని అక్షరాలున్నాయి. అన్నీ భారతదేశంలో చేసిన సేవకే.

అదే కరువులో ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని, వేలమందికి పనీ కూలీ దొరికేటట్టు చూశాడు. కూటి కోసం మతంలోకి వస్తారేమోనని ఆ కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ కాలువ మట్టిని మోసినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. గెజిట్లలో వాళ్ల పేర్లు వెతికితే దొరకవు. వాళ్ల మనవలూ మునిమనవలూ ఇవాళ ఒంగోలు చుట్టుపక్కల బడుల్లో పంతుళ్లు, ఆస్పత్రుల్లో నర్సులు.

ఇంతమాత్రం చేత దొరలిచ్చిన ప్రతి బిరుదునూ తాలు కింద ఏరి పారేయడం న్యాయం కాదు. కల్లంలో కాయ ఏరే ఆడవాళ్లను చూస్తాను. రంగు పోయిన తాలు కాయను పక్కకు వేస్తారు గాని, ప్రతి కాయనూ ఒకసారి చేతిలోకి తీసుకుంటారు. కందుకూరి వీరేశలింగం గారికి 1893లో రావు బహదూర్ ఇచ్చారు. వితంతు వివాహాలు చేయించి సొంత ఊరి చేత వెలి వేయించుకున్న మనిషి ఆయన. గిడుగు రామమూర్తి గారికి 1913లో రావు సాహెబ్ ఇచ్చారు. పర్లాకిమిడి కొండల్లో సవరల భాష నేర్చుకుని, ఆ భాషకు పుస్తకాలు రాసి, సవర పిల్లలకు చదువు చెప్పించిన మనిషి ఆయన. ఈ రెండు చోట్లా ప్రభుత్వం కాటా సరిగ్గానే తూచింది. కానీ ఇవాళ మనం ఆగస్టు 29న గిడుగు జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నప్పుడు రావు సాహెబ్ అన్న మాట ఎవరికి గుర్తొస్తుంది? ఆయన చేసిన పని ఆ బిరుదుకు గౌరవం తెచ్చింది. బిరుదు ఆయనకు తెచ్చిపెట్టింది ఏమీ లేదు.

గుంటూరులోనే ఇంకో ఉదాహరణ ఉంది. అన్నా సారా కుగ్లర్ అనే డాక్టరమ్మ లూథరన్ మిషన్ తరఫున 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చింది. అప్పట్లో మగ డాక్టరు ముందుకు రావడానికి ఒప్పుకోని ఇళ్లు లెక్కలేనన్ని. కాన్పు కష్టమైతే మంత్రసాని చేతి చలవ, దేవుడి దయ. ఆమె ఇంటింటికీ తిరిగి వైద్యం చేసింది. 1898లో ఆస్పత్రి తెరిచింది. 1905లో కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది. ఆమె వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా ఆస్పత్రి ఎదుట, రోగుల వెంట వచ్చేవాళ్ల కోసం సత్రం కట్టించాడు. 1930లో ఆమె కన్నుమూసింది గుంటూరులోనే.

మా నాయనమ్మ తొలి కాన్పు కష్టమైతే ఆ ఆస్పత్రికే తీసుకెళ్లారు. రెండెడ్ల బండి మీద ఒక రాత్రి, ఒక పగలు. అక్కడి మాట ఒకటి ఆమె పదే పదే చెప్పేది. పక్క మంచంలో పల్లె నుంచి, అంటే మాలమాదిగల వాడ నుంచి, వచ్చిన మనిషి ఉందట. ఇద్దరికీ ఒకే నర్సు మందు పట్టిందట. ఒకే చేత్తో. "ఇంటికొచ్చాక అత్తగారికి చెప్పలేదురా," అనేది. ఏళ్లు గడిచాక ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో భయం పోయింది, ఒక రకమైన గర్వం మిగిలింది. ఆ డాక్టరమ్మకు పతకం వచ్చిందన్న సంగతి ఆమెకు తెలియదు. గుంటూరులో ఇవాళ కూడా ఆటో ఎక్కి కుగ్లర్ ఆస్పత్రి అంటే చాలు. ముందూ వెనకా ఏమీ తగిలించకుండా ఆ ఇంటిపేరును గుంటూరు తన మాటల్లో కలుపుకుంది. నాకు తెలిసి ఒక ఊరు ఇవ్వగలిగిన పెద్ద బిరుదు అది.

ఇక శిస్తు సంగతి.

1919 మే నెలాఖరున జలియన్‌వాలాబాగ్ దారుణం మీద రవీంద్రనాథ్ ఠాగూర్ తన సర్ బిరుదును వదులుకుంటున్నట్టు వైస్రాయికి రాశాడు. 1920 ఆగస్టు 1న గాంధీ, 1915లో తనకిచ్చిన కైజర్-ఇ-హింద్ బంగారు పతకాన్ని, బోయర్ యుద్ధపు, జూలూ యుద్ధపు పతకాలతో కలిపి తిప్పి పంపాడు. సహాయ నిరాకరణ కార్యక్రమంలో మొదటి మెట్టు బిరుదులూ గౌరవ పదవులూ వదులుకోవడమే. ఉద్యమం తొలి నెలల్లో దేశం మొత్తం మీద 5,186 మంది బిరుదుదారుల్లో తిరిగి ఇచ్చినవాళ్లు 24 మంది. వేలమంది బడులు వదిలారు, కోర్టులు వదిలారు, విదేశీ బట్టలు మంటల్లో వేశారు. పేరు ముందు ఉన్న రెండు మాటలు వదలడం మాత్రం అంత కష్టమైంది.

అదే రోజుల్లో మా గడ్డ మీద ఇంకో జాబితా తయారైంది. దానికి గెజిట్ లేదు. చీరాల, పేరాల ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేసినప్పుడు ఏడాదికి 4,000 రూపాయలున్న పన్ను 40,000 అయింది. నేతగాళ్లూ చిన్న వర్తకులూ ఉన్న ఊరు అది. పన్ను కట్టబోమన్నారు, జైలుకెళ్లారు. వెళ్లినవాళ్లలో ఒక స్త్రీ కూడా ఉంది. 1921 ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చి వెళ్లాక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరికి ఊరే ఇళ్లు వదిలి పొలిమేర దాటి రామనగరం అని పాకలు వేసుకుంది. వానకూ ఎండకూ ఓర్చి దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. దుగ్గిరాల ఎడిన్‌బరోలో చదివినవాడు. అభినయ దర్పణాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చినవాడు. కావాలనుకుంటే గెజిట్ బిరుదు ఆయనకు దూరమైనది కాదు. జనం ఆయనను ఆంధ్రరత్న అన్నారు. 1928లో, నలభై ఏళ్లు నిండకుండానే, పేదరికంలో క్షయతో పోయాడు.

1922 జనవరిలో పెదనందిపాడు ఫిర్కా శిస్తు కట్టడం మానేసింది. ఇది మా చుట్టుపక్కల సంగతి. పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేన అని దళాన్ని కట్టి ఊరూరా తిరిగాడు. మునసబులూ కరణాలూ రాజీనామాలు రాసి ఇచ్చారు. వాళ్లవి చిన్న ఉద్యోగాలే, కానీ ఊళ్లో వాళ్లకున్న గౌరవమంతా ఆ ఉద్యోగంలోనే ఉంది. సర్కారు జప్తులు చేసింది, పటాలాలను ఊళ్ల మీదుగా నడిపించింది. జనం తిరగబడి చెయ్యి ఎత్తలేదు, శిస్తూ కట్టలేదు. చౌరీచౌరా తరవాత ఫిబ్రవరిలో గాంధీ ఉద్యమం ఆపేశాక, బరువెక్కిన గుండెలతో మళ్లీ శిస్తు కట్టారు. వీరయ్య చౌదరిని ఆంధ్ర శివాజీ అన్నారు. వకీలు వృత్తి వదిలేసి ఆ పోరాటాలన్నిటికీ పెద్దదిక్కుగా నిలిచిన గుంటూరు కొండా వెంకటప్పయ్య గారు దేశభక్త అయ్యారు. అదే ఫిబ్రవరిలో పల్నాడులో, పశువుల మేత మీద వేసిన పుల్లరికి ఎదురు నిలిచి, మించాలపాడులో పోలీసు తూటాలకు కన్నెగంటి హనుమంతు నేలకొరిగాడు.

మా ఊరి రావుసాబు గారు అప్పుడేం చేశారు? నాయనమ్మ ఆ ఏడే కాపురానికి వచ్చింది. పన్నెండేళ్ల పిల్ల. ఒక రాత్రి బండి చప్పుడు వినిపించిందట. పొద్దున్నే ఆడవాళ్లు చెరువు గట్టు మీద గొంతు తగ్గించి చెప్పుకున్నారట, రావుసాబు గారు తన శిస్తు తాను చీకట్లో తాలూకా కచేరీకి పంపేశారని. ఎవరూ ఆయనను ఒక మాట అనలేదు. ఆయన తవ్వించిన చెరువు నీళ్లే కదా తాగుతున్నారు. కానీ ఆ తరవాత ఆయన రచ్చబండ మీదకు రావడం తగ్గించారని నాయనమ్మ చెప్పేది.

ఆ మనిషి మీద నాకు కోపం లేదు. జాలి ఉంది. బిరుదు లేకపోతే ఆయన తన ఊరితో కలిసి నిలబడి ఉండేవాడేమో. పోగొట్టుకోవడానికి చేతిలో ఒక సనదు ఉండబట్టి ఆయనకు పగలు పోయి రాత్రి మిగిలింది. ఇచ్చినవాడు అడిగినప్పుడు వడ్డీతో తీర్చవలసిన అప్పు అది. ఆయన తీర్చాడు. చెరువు తవ్వించిన చేత్తోనే తీర్చవలసి రావడం నన్ను బాధ పెడుతుంది.

జనం ఇచ్చిన బిరుదు కూడా అప్పే. టంగుటూరి ప్రకాశం గారు వకీలుగా సంపాదించినదంతా స్వరాజ్య పత్రికకూ ఉద్యమానికీ ధారపోశారు. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకు గుండె చూపించారు. ఆంధ్రకేసరి అన్న మాటను ఆయన జీవితాంతం తీరుస్తూనే ఉన్నారు. ముఖ్యమంత్రిగా చేసిన మనిషి చివరికి చేతిలో ఏమీ లేకుండా వెళ్లారు. 1970లో ఏర్పడ్డ ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. పెట్టింది బిరుదు కాదు, పేరు. మా రావుసాబు గారి విషయంలో జరగనిది అక్కడ జరిగింది. బిరుదు పేరును మింగకుండా నిలబెట్టింది.

ఇక్కడితో ఆపితే ఈ వ్యాసం నాకు సులువుగా ఉండేది. సర్కారు బిరుదు తాలు, జనం బిరుదు మేలిమి అని ముగించవచ్చు. కానీ జనం అంటే ఎవరు అన్న ప్రశ్న మిగిలిపోతుంది.

1895లో వినుకొండలో గుర్రం జాషువా పుట్టాడు. కవికోకిల అన్నారు, నవయుగ కవిచక్రవర్తి అన్నారు. శతావధాని చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు తన చేతులతో జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. అంతటి గురువు, బ్రాహ్మణ కులంలో పుట్టిన పెద్దాయన, వంగి ఆ పాదం పట్టుకోవడం తెలుగు సాహిత్యంలో గొప్ప ఘడియ. 1970లో పద్మభూషణ్ కూడా వచ్చింది. ఇన్ని బిరుదులున్న మనిషి బతికినంత కాలం అంటరానితనం దెబ్బలు తింటూనే బతికాడు. సభలో శాలువా కప్పించుకుని బయటికి వచ్చాక వీధిలో ఆయన మళ్లీ అంటరాని కులం మనిషే. బిరుదిచ్చిన జనానికీ, గడప దగ్గర ఆపిన జనానికీ మధ్య గోడ లేదు. చాలాసార్లు వాళ్లూ వీళ్లూ ఒకరే.

మా చెరువు గట్టు మీద నేను చూసింది కూడా అదే. ఊరి వైపు రేవులో ఆడవాళ్లు దిగి బిందెలు ముంచుకునేవాళ్లు. అవతలి గట్టు మీద పల్లె నుంచి వచ్చిన ఆడవాళ్లు కుండలు ముందు పెట్టుకుని నిలబడేవాళ్లు. వాళ్లు నీళ్లలో దిగకూడదు. ఊరివాళ్లెవరైనా ముంచి, ఎత్తు నుంచి పోస్తే పట్టుకోవాలి. ఒక్కోసారి చాలా సేపు నిలబడేవాళ్లు. నేను రోజూ బడికి పోతూ చూశాను. ఎండ ఎలా ఉంటుందో, గాలి ఎలా ఉంటుందో అదీ అలాగే ఉంటుందనుకున్నాను. ఆ మాట రాస్తుంటే ఇప్పుడు చెయ్యి బరువెక్కుతోంది. నాకు ఊహ తెలిసి చాలా ఏళ్లయ్యాక, 1985 జులైలో, మాకు ఎంతో దూరం లేని కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ దళితుల ఊచకోతగా మారింది. అప్పుడు గాని నేను మా చెరువును మళ్లీ చూడలేదు.

ప్రజాసేవకు అని సనదులో రాశారు కదా. ఆ ప్రజలో అవతలి గట్టు ఉందా?

రాజ్యాంగంలోని 18వ అధికరణం బిరుదులు రద్దు చేసింది. సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప ప్రభుత్వం ఏ బిరుదూ ఇవ్వకూడదంది. 1954లో భారతరత్న, పద్మ పురస్కారాలు మొదలయ్యాయి. వాటిని పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదని, అవి పురస్కారాలే గాని బిరుదులు కావని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తేడా నాకు బాగా నచ్చింది. పురస్కారం చేసిన పనికి చెందుతుంది. బిరుదు మనిషికి అంటుకుని, ఆయనను మిగతావాళ్లకన్నా ఒక మెట్టు పైన నిలబెడుతుంది. సేవ చేసినవాడిని సేవ అందుకున్నవాళ్లకు దూరం చేసే గౌరవం ఎంత మంచి మనసుతో ఇచ్చినా కొంత హాని చేస్తుంది. మన ఊళ్లలో ఇవాళ కూడా శాలువాలు, కిరీటాలు, ఫ్లెక్సీల మీద బిరుదులు కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని చూసినప్పుడు నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను. ఈ మనిషి చేసిన మేలు చిట్టచివరి ఇంటిదాకా వెళ్లిందా? ఆ చివరి ఇంటి మనిషిని ఎవరైనా అడిగారా?

కిందటి ఎండాకాలం ఆ ప్రశ్న వేసుకునే పని లేకుండా జవాబు దొరికింది. ఇప్పుడు మా ఊళ్లో కుళాయిలున్నాయి, చెరువు పక్కనే వాటర్ ట్యాంకు ఉంది. సాయంత్రం గట్టు మీద నడుస్తుంటే పల్లె వైపు చింతచెట్టు కింద ఒక ముసలామె కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. తొంభై ఏళ్లకు దగ్గరగా ఉంటుంది. పక్కన కూర్చున్నాను. పాత రోజుల సంగతులు అడుగుతూ, "పెద్దమ్మా, రావుసాబు చెరువు అప్పట్లో ఇంత పెద్దదేనా?" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "ఏ చెరువు బాబూ?"

చెయ్యి చాపి నీళ్లు చూపించాను.

"ఇదా? పెద్ద చెరువు కదా. మా అమ్మ కాడి నుంచి దీన్ని పెద్ద చెరువనే అంటాం."

"రావుసాబు చెరువని అనరా?"

"మీ ఊళ్లో అంటారేమో బాబూ. మా వైపు ఆ పేరు లేదు."

ఆమె మళ్లీ కాయల్లో పడింది. తొడిమ తీసిన కాయ ఒక పక్కకు, తాలు ఇంకో పక్కకు. నేను చాలా సేపు అక్కడే కూర్చున్నాను. మా నాయనమ్మ పేరు మరిచిపోయి బిరుదు గుర్తు పెట్టుకుంది. ఈమె వైపు ఆ బిరుదును ఎవరూ మరిచిపోలేదు. ఎందుకంటే అది వాళ్ల నోటికి ఎన్నడూ ఎక్కలేదు. తొంభై ఏళ్లు అదే చెరువు నీళ్లు తాగారు. నిలబడి, చేతులు చాపి, పోయించుకుని తాగారు. ఎవరూ ప్రకటించకుండా, ఎవరితోనూ తగువు పెట్టుకోకుండా, ఆ ఒక్క మాటను మాత్రం పలకలేదు. రావు సాహెబ్ బిరుదు స్వాతంత్ర్యంతో రద్దయిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. మా ఊళ్లో సగభాగానికి అది అసలు అమల్లోకే రాలేదు.

ఇంటికి వెళ్లాక మనవరాలు అడిగింది, ఎక్కడికి వెళ్లావు తాతయ్యా అని.

"పెద్ద చెరువుకమ్మా," అన్నాను.